వంకలేని గ్రాఫులు

డాక్టరేటు సంపాదించుకోవడానికి పట్టిన కాలం కంటే దాన్ని పోగొట్టుకోవడానికే యాన్ హెన్డ్రిక్ షోన్‌కు ఎక్కువ కాలం పట్టింది. 1997లో జర్మనీలోని కాన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయం అతనికి పట్టా ఇచ్చింది. 2004లో అదే విశ్వవిద్యాలయం దాన్ని రద్దు చేస్తున్నామంది. అతను ఒప్పుకోలేదు. అప్పీలు పెట్టుకున్నాడు, కోర్టుకెక్కాడు, ఒకచోట గెలిచాడు, ఆ తర్వాత వరసగా ఓడిపోయాడు. 2014లో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానం కూడా కుదరదనడంతో వ్యవహారం ముగిసింది. ఇంతకీ ఆ పట్టా కోసం అతను రాసిన థీసిస్‌లో మోసం జరిగిందని ఎవరూ తేల్చలేదు. పోయింది మాత్రం ఆ థీసిస్ మీద వచ్చిన పట్టాయే.

పట్టా వచ్చాక అతను చేసినది విజ్ఞానశాస్త్ర చరిత్రలో పేరుపడ్డ మోసాల్లో ఒకటి. మోసగాడి కథగా దీన్ని చాలామంది చెప్పారు. నాకు మాత్రం ఇది ఒక రీసెర్చ్ స్కాలర్ కథగానే కనిపిస్తుంది. మంచి గైడు, మంచి ల్యాబు, చేతికి పట్టా, అవి చాలక ప్రపంచంలోకెల్లా గొప్ప పరిశోధనశాలలో కొలువు. మన పిల్లలు కలగనేవన్నీ ముప్పై ఏళ్లు తిరగకుండానే అందుకున్న కుర్రవాడు అతను. ఉండాల్సింది ఏది లేక ఇలా అయ్యాడన్నది నన్ను చాలాకాలం వదల్లేదు.

షోన్ 1970 ఆగస్టులో ఉత్తర జర్మనీలోని వెర్డెన్‌లో పుట్టాడు. పీహెచ్‌డీ చేసింది దేశానికి ఆ చివర, స్విట్జర్లాండ్ సరిహద్దులో, పెద్ద సరస్సు ఒడ్డునున్న కాన్‌స్టాంజ్‌లో. మన దగ్గర పీహెచ్‌డీ అంటే నోటిఫికేషన్, ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ, కోర్సు వర్కు, కాంప్రహెన్సివ్ వైవా, డాక్టోరల్ కమిటీ ముందు ఆర్నెల్లకోసారి హాజరీ, ఇన్ని మెట్లుంటాయి. జర్మనీలో ఆ రోజుల్లో ఇంత తతంగం లేదు. డిప్లొమ్ చదువు ముగించినవాణ్ణి ఒక ప్రొఫెసర్ సరే రమ్మంటే ల్యాబ్‌లో చోటు దొరికినట్టే. తర్వాతిదంతా చాలావరకు గురుశిష్యుల మధ్య వ్యవహారం. షోన్ గైడు ఎర్న్‌స్ట్ బూఖర్. అంశం సౌర ఘటాలకు పనికొచ్చే కాపర్ గాలియం సెలినైడ్ అనే అర్ధవాహకం. స్ఫటికం పెంచడం, దానిలో మలినాలు కొలతగా కలపడం, తీగలు అతికించడం, వెలుతురులోనూ చీకట్లోనూ కరెంటు కొలవడం. అందులో మెరుపులేమీ ఉండవు, ఓపిక మాత్రం బాగా కావాలి. ఎరిగినవాళ్లంతా షోన్‌ను నెమ్మదస్తుడనీ, మర్యాదస్తుడనీ, ఎవరి మాటా కాదనని మనిషనీ చెప్పారు. ఆ చివరి గుణాన్ని గుర్తుపెట్టుకోవాలి.

పట్టా చేతికొచ్చిన ఏడాదే అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం మర్రే హిల్‌లోని బెల్ ల్యాబ్స్‌కు వెళ్లాడు. ఎలక్ట్రానిక్స్ చదివిన మనవాళ్లకు ఆ పేరు ఒక పుణ్యక్షేత్రం. 1947 డిసెంబరులో బార్డీన్, బ్రాటెయిన్‌లు తొలి ట్రాన్సిస్టర్‌ను పనిచేయించి చూపించింది అక్కడే. షాక్లీ ఉన్నదీ అక్కడే. యునిక్స్ పుట్టిందీ ఆ సంస్థలోనే. షోన్ చేరేనాటికి ఆ వైభవం కాస్త తగ్గింది. ఏటీ అండ్ టీ నుంచి విడిపోయిన లూసెంట్ అనే కంపెనీ కిందికి వచ్చింది. షేర్లు పెరుగుతున్నన్నాళ్లూ బాగానే ఉంది. టెలికం బుడగ పేలి షేరు కుప్పకూలాక, ఉద్యోగాలు ఊడుతున్న కాలంలో, ‘మాకింకా ప్రాణం ఉంది’ అని చూపించుకోవడానికి కంపెనీకి ఒక అద్భుతం అవసరమైంది. సరిగ్గా ఆ అవసరం వేళకు షోన్ అక్కడున్నాడు.

అతని పై అధికారి బెర్ట్రామ్ బాట్‌లాగ్, అతివాహకాల (సూపర్‌కండక్టర్ల) పరిశోధనలో ఎంతో పేరున్నవాడు. క్రిస్టియన్ క్లోక్ స్ఫటికాలు పెంచడంలో సిద్ధహస్తుడు. పెంటసీన్, టెట్రసీన్ లాంటి సేంద్రియ పదార్థాలను కంటికి ఆనే శుద్ధమైన స్ఫటికాలుగా పెంచి ఇచ్చేవాడు. షోన్ పని వాటిమీద ట్రాన్సిస్టర్ కట్టడం. స్ఫటికం మీద అల్యూమినియం ఆక్సైడ్ పొర ఒకటి పలచగా పరిచి, దానిమీద గేటు పెట్టి, వోల్టేజి పెంచుకుంటూ పోతే స్ఫటికం పైతలంలో విద్యుదావేశాలు కిక్కిరిసిపోతాయి. రసాయనాలేవీ కలపకుండానే ఒక బంధకాన్ని లోహంగా మార్చవచ్చు. ఇంకా పెంచితే అతివాహకంగానూ మార్చవచ్చు. ఊహ గొప్పది, పుస్తకాల్లోని సిద్ధాంతానికి ఎదురు పోయేది కూడా కాదు. పైగా 2000లో రసాయనశాస్త్ర నోబెల్ విద్యుత్తును ప్రసరింపజేసే ప్లాస్టిక్కులు కనిపెట్టిన హీగర్, మెక్‌డయర్మిడ్, షిరకావాలకు వచ్చింది. ఆ రంగం మీదే అందరి కళ్లూ ఉన్నాయి.

ఇబ్బంది ఒక్కటే. అంత వోల్టేజిని ఆ పొర తట్టుకోదు. ఎవరు చేసినా చిటుక్కున పగిలి షార్టవుతుంది. షోన్ చేసింది మాత్రం తట్టుకునేది. ఎలాగయ్యా అంటే, ఆ పొర ఇక్కడ కాదు, కాన్‌స్టాంజ్‌లో నా పాత ల్యాబ్‌లోని యంత్రం మీద వేయించుకొస్తున్నాననేవాడు. నిజంగానే అక్కడికీ ఇక్కడికీ తిరుగుతుండేవాడు. ఆ యంత్రంలో ఏదో మహత్తు ఉందనుకున్నారు. ఇన్ని చదువులు చదివినవాళ్లు యంత్రానికి మహత్తు అంటగట్టారంటే ఇవాళ నవ్వొస్తుంది. కానీ కావాలనుకున్న ఫలితం కళ్లముందుంటే అడగాల్సిన ప్రశ్న నోటికి రాదు.

ఇక ఫలితాలు. 2000లో టెట్రసీన్ స్ఫటికంతో కరెంటుతో నడిచే లేజర్ అన్నాడు. అరవై కార్బన్ పరమాణువులు బంతిలా అల్లుకున్న సీ-60 అణువుల స్ఫటికం 52 కెల్విన్ల దగ్గర అతివాహకమైందన్నాడు. 2001లో అదే స్ఫటికంలో క్లోరోఫాం, బ్రోమోఫాం అణువులు దూర్చి ఎడం పెంచితే 117 కెల్విన్లకు చేరిందన్నాడు. ద్రవ నైట్రోజన్ మరిగేది 77 దగ్గర కాబట్టి, ఖరీదైన హీలియం అక్కర్లేని అతివాహకం అన్నమాట. ఆ ఏడాది అక్టోబరులో ఒకే ఒక్క పొర అణువులతో ట్రాన్సిస్టర్ చేశామంటూ నేచర్‌లో పేపరు వచ్చింది. 2001లో సగటున ఎనిమిది రోజులకో పేపరు మీద అతని పేరుంది. ఎనిమిది రోజుల్లో మన ల్యాబుల్లో ఒక పరికరం కొనడానికి కొటేషన్ కూడా రాదు. ఆ ఏడాదే జర్మనీలో ఒటో క్లుంగ్ - వెబర్‌బ్యాంక్ బహుమతి, బ్రౌన్‌ష్వైగ్ బహుమతి, మరుసటి ఏడాది అమెరికా మెటీరియల్స్ రీసెర్చ్ సొసైటీ వారి యువ పరిశోధక పురస్కారం వచ్చాయి. నోబెల్ ఇవాళో రేపో అన్నారు.

కథ ఇక్కడ కాసేపు ఆపి, ఎవరూ పేరు రాసుకోని కొందరి గురించి చెప్పాలి.

అమెరికాలో, యూరప్‌లో, జపాన్‌లో సేంద్రియ అర్ధవాహకాల మీద పనిచేసే ల్యాబుల్లో అప్పుడే చేరిన పీహెచ్‌డీ విద్యార్థులు ఉంటారు కదా. గైడు వాళ్లకు మొదటి పనిగా ఏమిస్తాడు? ముందు షోన్ ఫలితం మన దగ్గర రాబట్టు, ఆ తర్వాత దానిమీద కొత్తది కడదాం అంటాడు. సబబైన మాటే. విద్యార్థి కూర్చుంటాడు. స్ఫటికం పెంచడానికి రోజులు పడుతుంది. గొట్టంలో వాయువు వదిలి, కొలిమి వేడి ఒక వైపు ఎక్కువ, మరో వైపు తక్కువ ఉండేలా చూసుకుంటే చల్లటి చివర పలచని రేకులు కడతాయి. వాటిని పట్టకారుతో విరక్కుండా తీయాలి. మాస్కు పెట్టి బంగారం ఆవిరి పట్టించాలి. ఆక్సైడ్ పొర వేయాలి. సూక్ష్మదర్శిని కింద సూదులు ఆనించి, గేటు వోల్టేజి మెల్లగా పెంచుకుంటూ పోవాలి. లీకేజి కరెంటు కొంచెం కదులుతుంది, ఆ తర్వాత ఒక్కసారిగా పైకెగిసి స్క్రీను చివరకు కొట్టుకుంటుంది. పొర పోయింది. వారం రోజుల పని ఒక్క క్షణంలో పోయినట్టే. మళ్లీ కొలిమి దగ్గరికి.

ఇలా నెలలు గడుస్తాయి. గ్రూప్ మీటింగ్‌లో ‘ఏమైంది?’ అంటే చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. అవతల షోన్ పేపర్లు వస్తూనే ఉంటాయి. తప్పు ప్రయోగానిది కాదు, తనదే అనుకుంటాడు విద్యార్థి. నాకు చేతకావడం లేదు, నా చెయ్యి కుదరలేదు అనుకుంటాడు. గైడూ అదే అనుకుంటాడు, పైకి అనకపోవచ్చు. పీహెచ్‌డీలో పేపరు లేని రెండో ఏడాది ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ఇంటి నుంచి ఫోన్ వస్తే ‘జరుగుతోంది’ అనే ఒక్క మాటతో నెట్టుకొస్తారు. కొందరు టాపిక్ మార్చుకున్నారు. కొందరు పరిశోధనే వద్దనుకుని వెళ్లిపోయారు. జరగని ప్రయోగం తమకు రాలేదని తమను తాము చేతకానివాళ్లుగా లెక్కగట్టుకున్నవాళ్లు వీళ్లు. షోన్ పతనాన్ని విషాదమంటే, వీళ్లకు జరిగినదాన్ని ఏమనాలి?

షోన్ మోసం చిన్న విషయంతోనే బయటపడింది. ఏ కొలతలోనైనా సన్నటి వణుకు ఉంటుంది. నాయిస్ అంటాం. గీత పైకీ కిందికీ అణువంత అదురుతూ పోతుంది. ఆ అదురుకు క్రమం ఉండదు. అదే గుప్పెడు బియ్యం రెండుసార్లు నేలమీద చల్లితే గింజ గింజా పాత చోటే పడుతుందా? పడదు. 2002 వసంతకాలంలో ప్రిన్స్‌టన్‌లో లిడియా సోన్, కార్నెల్‌లో పాల్ మెక్యూయెన్ షోన్ పేపర్లు పక్కపక్కన పెట్టి చూశారు. వేర్వేరు పరికరాల మీద, వేర్వేరు ప్రయోగాల్లో కొలిచామన్న గీతల్లో నాయిస్ అచ్చుగుద్దినట్టు ఒక్కటే. దీన్ని నేచర్ సంపాదకులు ఎత్తిచూపితే, పొరపాటున ఒకే గ్రాఫు రెండుసార్లు పంపానని చెప్పి తప్పించుకున్నాడు. ఈసారి మెక్యూయెన్ ఇంకా తవ్వాడు. మూడో పేపరులో కూడా అవే వణుకులు కనిపించాయి. మూడు చోట్ల పొరపాటు అనడం కుదరదు.

2002 మే నెలలో బెల్ ల్యాబ్స్ ఒక కమిటీ వేసింది. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు మాల్కమ్ బీజ్లీ అధ్యక్షుడు. సభ్యుల్లో అర్ధవాహకాల పనికే 2000లో నోబెల్ అందుకున్న హెర్బర్ట్ క్రోమర్ ఉన్నారు, ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివి పర్డ్యూలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ఆచార్యుడైన సుప్రియో దత్తా ఉన్నారు. వాళ్లు అడిగింది పెద్ద ప్రశ్నేమీ కాదు. ల్యాబ్ నోట్‌బుక్కు చూపించు. లేదన్నాడు. రీడింగుల ఫైళ్లు? కంప్యూటర్లో చోటు చాలక తీసేశానన్నాడు. కనీసం ఆ పరికరాలు, ఆ స్ఫటికాలు? కొన్ని పారేశాం, కొన్ని పాడైపోయాయి. అన్ని అద్భుతాలకూ మిగిలిన సాక్ష్యం అచ్చైన గ్రాఫులు మాత్రమే.

ఆ ఏడాది సెప్టెంబరులో నివేదిక బయటికొచ్చింది. 24 ఆరోపణల్లో కనీసం 16 చోట్ల తప్పుడు పని జరిగిందని తేల్చింది. తప్పులు మూడు రకాలు. ఒక ప్రయోగం గీత ఇంకో ప్రయోగానికి వాడడం ఒకటి. ఏ కొలతకూ సాధ్యంకాని కచ్చితత్వం రెండోది. తెలిసిన భౌతికశాస్త్రానికే పొసగని ఫలితాలు మూడోది. కొన్ని గీతలైతే కొలిచినవే కావు, సమీకరణం రాసి కంప్యూటర్‌తో గీయించినవి. షోన్ జవాబు కూడా నివేదికతో పాటే ఉంది. తప్పులు చేశాను, విచారిస్తున్నాను అన్నాడు. కానీ ఆ ఫలితాలను నేను నిజంగానే చూశానన్నాడు. చూసింది నిజమని నమ్మి, నమ్మించడానికి గీతలు దిద్దానన్న ధోరణి. కంపెనీ వెంటనే ఉద్యోగంలోంచి తీసేసింది. సైన్స్ పత్రిక 2002లో ఎనిమిది పేపర్లు, నేచర్ 2003 మార్చిలో ఏడు పేపర్లు వెనక్కి తీసుకున్నాయి. ఫిజికల్ రివ్యూ, అప్లైడ్ ఫిజిక్స్ లెటర్స్ లాంటివి కూడా అదే పని చేశాయి.

సహరచయితలందరినీ కమిటీ నిర్దోషులంది. బాట్‌లాగ్ లాంటి పెద్దవాడు తగినంత జాగ్రత్త తీసుకున్నాడా అన్న ప్రశ్న మాత్రం లేవనెత్తి, తేల్చకుండా వదిలేసింది. ఆ అద్భుతమైన కొలతలు జరుగుతుండగా కళ్లారా చూసినవాళ్లు లేకపోయారు. పేర్లు పెట్టుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. గైడు పేరు ఏ పేపరులోనైనా చివర ఉండడం మన దగ్గరా రివాజే. ఆ పేరుకు అర్థం ‘నేను రీడింగులు చూశాను’ అని కాకపోతే ఇంకేమిటో ఎవరైనా చెప్పాలి.

షోన్ ఎందుకు చేశాడన్నదానికి డబ్బు, కీర్తి అని సులువుగా అనేయవచ్చు. నాకది చాలదనిపిస్తుంది. అతని ఫలితాల్లో చాలావాటి లక్షణం ఒకటుంది. అవి ఎదుటివాళ్లు ఆశించినట్టే ఉండేవి. సిద్ధాంతం ఇలా ఉండాలంటే, గీత అలాగే వచ్చేది. ఎవరి మాటా కాదనని ఆ కుర్రవాడు తన పైవాళ్లనూ, సమీక్షకులనూ, పాఠ్యపుస్తకాలనూ కూడా కాదనలేకపోయాడు.

ఇది దూరదేశపు జబ్బని అనుకోవడానికి లేదు. మన ఇంజనీరింగ్ కాలేజీల ఈసీఈ ల్యాబులో ట్రాన్సిస్టర్ లక్షణాల ప్రయోగం ఉంటుంది. ఆర్‌పీఎస్ నాబ్ తిప్పుతూ మిల్లీ అమ్మీటరు చూసి అబ్జర్వేషన్ బుక్కులో వేసుకోవాలి. ఒక బెంచీ మీద మీటరు ముల్లు కదలదు. ఇంకో బెంచీ మీద బ్రెడ్‌బోర్డు లూజు. గంట కొట్టే వేళకు ఆ బ్యాచ్ పిల్లలు పక్క బెంచీ అంకెలు దించుకుని, చివరి అంకె ఒకటి అటూ ఇటూ మార్చి రాస్తారు. లేదా పుస్తకంలోని గీత ముందు గీసేసి, దానిమీంచి రీడింగులు వెనక్కి లాక్కుంటారు. రికార్డు చక్కగా ఉంటుంది, సంతకం పడుతుంది, మార్కులు పడతాయి. నిజాయితీగా వంకరటింకర గీత గీసినవాడికి ‘ఇదేంటి, మళ్లీ చెయ్యి’ అంటారు. ఈ అలవాటును మాన్పించాల్సిన చోటు పీహెచ్‌డీ. ఆశించినది రాకపోతే రాలేదని రాయడం, ఎందుకు రాలేదో వెతుక్కుంటూ ఒక ఏడాది పోగొట్టుకోవడం, ఆ పోయిన ఏడాదిని నోట్‌బుక్కులో తేదీలతో సహా దాచుకోవడం నేర్పేది అదొక్కటే. ఆ ఒక్క పాఠం రాకుండా కూడా మిగతావన్నీ పూర్తిచేసి పట్టా తీసుకోవచ్చునని షోన్ చూపించాడు. ఇది నా అనుమానం మాత్రమే, ఏ కమిటీ మాటా కాదు. థీసిస్‌లో లోపాలు కనిపించినా, కావాలని చేసిన మోసమని కాన్‌స్టాంజ్ విచారణ చెప్పలేదు.

అయినా 2004 జూన్‌లో ఆ విశ్వవిద్యాలయం పట్టా రద్దు చేసింది. కారణం, పట్టా తీసుకున్నాక అతని నడత దానికి తగినది కాదని. ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయ చట్టంలో అలాంటి నిబంధన ఉంది. దాని పుట్టుక మంచిది కాదు. పట్టాకు తగనివాడన్న సాకుతో నాజీలు యూదుల, దేశం విడిచిపోయినవాళ్ల డాక్టరేట్లు లాగేసుకున్నారు. బాన్ విశ్వవిద్యాలయం 1936లో రచయిత థామస్ మాన్‌కు తానిచ్చిన గౌరవ డాక్టరేటును అలాగే పెరికి, యుద్ధం ముగిశాక తిరిగిచ్చింది. 1939లో ఆ సాకు జర్మనీ అంతటికీ వర్తించే చట్టంలోకి ఎక్కింది, తర్వాత రాష్ట్రాల చట్టాల్లో మిగిలింది. అందుకే షోన్ కేసు కోర్టులను నిజంగానే ఆలోచింపజేసింది. చదువులో నెగ్గి తీసుకున్న పట్టాను తర్వాతి నడత చూసి లాక్కోవచ్చా? రేపు ఇంకెవరో ఇంకేదో నడతకు లాక్కుంటే?

2010 సెప్టెంబరులో ఫ్రైబుర్గ్ కోర్టు లాక్కోకూడదంది. పట్టా తిరిగి ఇమ్మంది. విశ్వవిద్యాలయం పైకి వెళ్లింది. 2011లో రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం ఆ తీర్పును కొట్టేసింది. 2013 జూలైలో కేంద్ర పరిపాలనా న్యాయస్థానం ఖరారు చేసింది. ఇష్టంలేని మనిషి మీద కక్ష తీర్చుకోవడానికి ఈ నిబంధన వాడకూడదని గీత గీసింది. శాస్త్రానికి సంబంధించిన తప్పుకే, అదీ డాక్టరేటు మీద జనం పెట్టుకునే నమ్మకాన్ని తూట్లు పొడిచే తప్పుకే ఇది వర్తిస్తుందంది. డాక్టరేటు ఉన్నవాడు చెప్పే అంకెను ఇంకొకడు కొలిచి చూడకుండానే నమ్మి ముందుకు పోతాడు, శాస్త్రం నడిచేదే అలాగ. ఆ నమ్మకాన్ని కాల్చేశాక పట్టా దేనికి?

షోన్ చెప్పిన ఊహ మాత్రం అబద్ధం కాదు. సేంద్రియ స్ఫటికాల మీద మంచి ట్రాన్సిస్టర్ కట్టవచ్చు. అదే న్యూజెర్సీలో, మర్రే హిల్‌కు ఎంతో దూరంలేని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో విటాలీ పోడ్జోరోవ్, మైఖేల్ గెర్షెన్సన్‌ల బృందం ఆ గొడవ సాగుతున్న రోజుల్లోనే రుబ్రీన్ స్ఫటికం మీద కట్టి చూపించింది. అల్యూమినియం ఆక్సైడ్‌ను పక్కనపెట్టి, స్ఫటికాన్ని గాయపరచని పరీలీన్ అనే మెత్తటి పాలిమర్ పొర వాడారు. ఇతర ల్యాబుల్లోనూ అది వచ్చింది. షోన్ ఓపిక పట్టి ఉంటే ఆ పని అతనిదే అయ్యేదేమో. సీ-60లో అతను చెప్పిన 52, 117 కెల్విన్లు మాత్రం ఆ పద్ధతిలో ఎవరికీ రాలేదు.

లూసెంట్ 2006లో ఫ్రాన్స్ కంపెనీ అల్కటెల్‌లో కలిసిపోయింది. షోన్ జర్మనీకి తిరిగి వెళ్లి ఒక ఇంజనీరింగ్ సంస్థలో ఉద్యోగంలో చేరాడు. పట్టా తీసేయడం సరైన నిర్ణయమేనని నా మటుకు నేను అనుకుంటాను. కానీ శిక్ష ఒక్కడి దగ్గరే ఆగింది. పేర్లు పెట్టుకున్న పెద్దలకు పట్టాలూ కుర్చీలూ పోలేదు. అతని గ్రాఫుల వెంట పరుగెత్తి చదువు మధ్యలో వదిలేసిన విద్యార్థుల లెక్క ఏ కమిటీ తీయలేదు, వాళ్లకు పోయిన ఏళ్లను ఏ కోర్టూ తిరిగి ఇప్పించలేదు.